అలిసిన కాయలు

మొన్న నెల్లూరులో మా మనవరాలు నన్ను ఒక పెద్ద అంగడికి తీసుకుపోయింది. చల్లటి గాలి, మెరిసే గచ్చు, ఎవరి బండి వాళ్ళు తోసుకుంటూ తిరగడం. కూరగాయల వరసలన్నీ దాటాక చివర మూల ఒక బుట్ట పెట్టి, దానికి సగం ధర అని పసుప్పచ్చ చీటీ అంటించారు. అందులో తొడిమ వాడిన వంకాయలు, ఒక పక్క మెత్తబడిన టమేటాలు, ముదిరిన బెండకాయలు. నేను అక్కడే ఆగిపోయాను.

"అవి పాడైనవి అమ్మమ్మా, రా" అని మనవరాలు చెయ్యి పట్టుకు లాగింది.

నేను కదల్లేదు. ఒక వంకాయ తీసుకుని, కళ్ళు మూసుకుని, తొడిమ దగ్గర వాసన చూశాను. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తున్నారేమోనని మనవరాలు చుట్టూ కలయజూసింది. బుట్టలో సగం కాయలు ఏరుకుని ఇంటికి వచ్చాను. అలా కళ్ళు మూసుకుని వంకాయ వాసన చూడటం నాకు నేర్పినావిడ ఆ సాయంత్రమంతా నా వంటింట్లోనే ఉన్నారు.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఈ కథలో వచ్చే మిల్లమ్మ ఎవరో కూడా తెలిసిపోతుంది. మిల్లమ్మ మనవలు ఇప్పటికీ నెల్లూరులో ఉన్నారు, నన్ను చూస్తే నమస్కారం పెడతారు, ఆ నమస్కారం నాకు కావాలి.

నయాపైసలు కొత్తగా వచ్చి, జనం ఇంకా అణాల్లోనే లెక్క చెప్పుకుంటున్న రోజులు. మాది గుంటూరు వైపు. తోటపల్లి గూడూరు దాటాక సముద్రం వాసన తగిలే ఒక చిన్న ఊళ్ళో, చర్చి వాళ్ళ ఎలిమెంటరీ స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. నాకు ఇరవై రెండేళ్ళు, పెళ్ళి కాలేదు. ఒంటరి ఆడపిల్ల ఎక్కడుంటుందని సంఘపెద్దలు ఆలోచించి, పాస్టరుగారింట్లో ఒక గది ఇప్పించారు. భోజనం కూడా వాళ్ళతోనే. ఊళ్ళో పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవారు, ఆయన భార్యని అమ్మగారు అనేవారు. నేనూ అంతే.

అమ్మగారు పొట్టి మనిషి. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే దానికి నల్లదారం కట్టి చెవికి తగిలించుకునేవారు. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు, కానీ భుజాలు ఊగేవి గనక దాచినట్టు ఉండేది కాదు. అయ్యగారు భోజనం ముందు ప్రార్థన మొదలుపెడితే లోకంలో ఉన్న దేశాలన్నీ చుట్టి వచ్చేవారు. కూర చల్లారిపోతోందని అమ్మగారికి అనిపించినప్పుడు గరిటె తీసుకుని తపేలా అంచుకి ఒక్కసారి తగిలించేవారు. టంగ్ అని మోగేది. అయ్యగారు ఏ దేశంలో ఉన్నా సరే వెంటనే ఆమెన్ చెప్పేసేవారు.

అయ్యగారి జీతం ఎంతో నాకు తెలియదు గానీ, ఇద్దరికి సరిపోతే గొప్ప. అయినా మధ్యాహ్నమయ్యేసరికి ఆ వరండాలో ఏడెనిమిది మందికి తక్కువ కాకుండా కూర్చునేవారు. పురిటికి పుట్టింటికొచ్చి అన్నం సయించనివాళ్ళు, కొడుకులు వేరుపడ్డ ముసలివాళ్ళు, వరి కయ్యల్లో పని దొరకనివాళ్ళు, ఏ కారణమూ లేకుండా వాసన పట్టుకుని వచ్చినవాళ్ళు. తా దూర కంత లేదు, మెడకో డోలు అని వెనక నవ్వేవాళ్ళు కూడా ఆకు ముందు కూర్చున్నాక మారు మాట్లాడకుండా తినేవాళ్ళు. కాల్చిన వంకాయ పచ్చడి, పండుమిరప కారం, టమేటాలూ నెత్తళ్ళ ఎండుచేపలూ వేసిన పులుసు. మొలగొలుకుల అన్నంలో ఆ పులుసు పోసుకుంటే, గుంటూరు కారం తిని పెరిగిన నేను కూడా రెండో గరిటెకి ఆకు ముందుకు జరిపేదాన్ని.

ఇంతమందికి ఇంత రుచిగా ఎలా పెడుతున్నారో నాకు మొదటి నెలంతా అర్థం కాలేదు. తర్వాత ఒక సంత రోజు స్కూలు తొందరగా వదిలిపెట్టారు, అమ్మగారితో నేనూ వస్తానన్నాను.

సంత మా ఊరికి రెండు మైళ్ళు. ఊరంతా పొద్దున్నే పోయి, నవనవలాడే కాయలు ఏరుకుని, పొద్దెక్కేసరికి ఇల్లు చేరేది. అమ్మగారు మాత్రం మధ్యాహ్నం అంట్లు తోమి, ఒక కునుకు తీసి, ఎండ వాలాక బయలుదేరేవారు. ఒక చేతిలో అయ్యగారి పాత తెల్లకోటు విప్పి కుట్టిన సంచి, ఇంకో చేతిలో చెంబుడు ఉప్పుమజ్జిగ. మేం వెళ్ళేసరికి సంత విరుగుతోంది. గోతాలు దులుపుతున్నారు, ఎడ్లను బండ్లకు కడుతున్నారు. అమ్ముడుపోనివి గంపల అడుగున నీరసంగా పడున్నాయి.

అమ్మగారు బేరం ఆడలేదు. ధర కూడా అడగలేదు. వంకాయల గంప ముందు కూర్చున్న ఒకావిడ పక్కన చతికిలబడి, చెంబు వంచి ఆవిడ దోసిట్లో మజ్జిగ పోశారు. ఆవిడ తాగి మూతి తుడుచుకున్నాక తీరిగ్గా అడిగారు.

"ఏ ఊరమ్మా మీది?"

"ఏటవతలమ్మగారూ."

"ఎంత దూరముంటాది?"

"అయిదు మైళ్ళుంటాది."

"బండి ఉండాదా?"

"బండి యాడిది? నెత్తిన పెట్టుకుని పోవాల్సిందే."

"ఏట్లో నీళ్ళుండాయా ఇప్పుడు?"

"మోకాలు దాకా ఉండాయి."

"అయ్యో పాపం. ఈ గంపతోనా?"

ఇక అమ్మగారు ఆ గంప వైపు జాలిగా చూస్తూ కూర్చున్నారంతే. వంకాయల ఆవిడ కూడా గంప వైపు చూసింది. నా కళ్ళ ముందే ఆ గంప బరువు పెరగడం మొదలుపెట్టింది.

"అమ్మగారూ, ఇయ్యన్నీ మీరే తీసుకోండి. మీకు తోచింది ఇయ్యండి" అన్నది ఆవిడ చివరికి.

అమ్మగారు ఇవ్వవలసింది ఇచ్చి, ఇంకాసిని మజ్జిగ పోశారు. కొసరు అడగడం లోకంలో అందరూ చేసే పని, ఆవిడ ఎదురు కొసరు ఇచ్చేవారు. అందుకే సంత విరిగే వేళకి అమ్మేవాళ్ళు దారివైపు చూసి 'అమ్మగారు ఇంకా రాలేదే' అనుకునేవాళ్ళట. దోసకాయల దగ్గరా, పచ్చిమిరపకాయలు పండిపోయిన గంప దగ్గరా అదే వరస. ఏ ఊరు, ఎంత దూరం, బండి ఉందా. ఇంటికొచ్చేటప్పుడు సంచి నేను మోశాను, ఎంత దూరమో నన్నెవరూ అడగలేదు.

ఇంటి దగ్గర చాప పరిచి సంచి బోర్లించి ఒక్కో కాయే తీసేవారు. కళ్ళు మూసుకుని వాసన చూడటం, బొటనవేలి గోటితో తట్టడం. ఎడమకి కొన్ని, కుడికి కొన్ని.

"చచ్చిన కాయ వేరు, అలిసిన కాయ వేరు టీచరమ్మా" అని నాకు పాఠం చెప్పారు. "చచ్చినదాన్ని పాదులో పాతిపెట్టాల. అలిసినదానికి రొంత నీళ్ళు, రొంత నీడ, రొంత పులుపు చూపించినామంటే లేచి కూర్చుంటాది."

గింజ ముదిరిన వంకాయల్ని బియ్యం కడిగిన నీళ్ళలో వేసి, చేదు దిగాక నిప్పుల మీద కాల్చేవారు. టమేటాల్ని ఆ ఊళ్ళో రామ్ములక్కాయలు అంటారు, మెత్తబడ్డవి పులుసుకే పుట్టాయనేవారు. ముదిరిన బెండకాయలో గింజలు ఒలిచి పప్పులో వేసేవారు. ఆదివారం అయ్యగారు, ఏసు అయిదు రొట్టెలు, రెండు చేపలతో అయిదువేల మందికి పెట్టిన కథ మీద ప్రసంగం చేసి వస్తే, వడ్డిస్తూ వడ్డిస్తూ ఆవిడ అనేవారు, "అందరికీ ఆ అయిదు రొట్టెలే గుర్తు. మిగిలిన ముక్కలు పన్నెండు గంపలంట గదా. వాటితో మర్నాడు ఏం వండుకున్నారో ఒక్కరూ రాయలేదు. ఆడోళ్ళని అడిగుంటే చెప్పుండేవాళ్ళు." అయ్యగారు ఇంకో ముద్ద కలుపుకునేవారు.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి.

మా ఊళ్ళో బియ్యం మిల్లు ఉన్న కుటుంబం ఒకటే. ఆ ఇంటాయన సంఘపెద్ద. ఆయన భార్యని అందరూ మిల్లమ్మ అనేవాళ్ళు, ఆవిడకి ఆ పేరు ఇష్టం కూడా. మిల్లమ్మ ఇంటికి కూరగాయలు నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవి. తెల్లారి కోసినవి తప్ప వాళ్ళింట్లో ముట్టరని ఆవిడే నలుగురిలో చెప్పేది. ఒకసారి స్త్రీల సమాజం వాళ్ళింట్లో జరిగింది. పాటలయ్యాయి, ప్రార్థనయింది, కాఫీలు వచ్చాయి.

"ఏం టీచరమ్మా, మా అమ్మగారు కూరలో ఏం ఏస్తారో గానీ అంత బాగుంటాది. యాడ తెస్తారు కాయలు?" అని అడిగింది మిల్లమ్మ.

ఆ ప్రశ్నలో విషమేమీ లేదు. ఉన్నదల్లా నా నాలుకలోనే. పదిమంది ఆడవాళ్ళు నా వైపు చూస్తున్నారు, నేను చదువుకున్నదాన్ని, నవ్వించాలనిపించింది.

"అదొక రహస్యమండీ. సంతలో పారేసేవి ఏరుకొచ్చి మనకు విందు చేస్తారు" అన్నాను.

నవ్వారు. నేనూ నవ్వాను. మరో కప్పు కాఫీ కూడా తాగాను. ఇంటి గుట్టు లంకకు చేటని చిన్నప్పుడు చదివి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను.

మర్నాటి సాయంత్రానికి ఆ మాట ఊరు చుట్టి వచ్చింది. 'పారేసినవి' అన్నది 'కుళ్ళినవి' అయింది. పోయినేడు ప్రేమవిందు తర్వాత ఎవరికో కడుపునొప్పి వచ్చిందన్నది కొత్తగా గుర్తొచ్చింది. ఆ నొప్పి వచ్చినవాడు ఆ రోజు ఎన్ని గరిటెలు పోయించుకున్నాడో మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ప్రేమవిందు అంటే కోతపండగ నాడు ఆరాధన అయ్యాక సంఘమంతా కలిసి కూర్చుని తినే భోజనం. ఆ ఊళ్ళో మాంసం క్రిస్మస్‌కే, కోతపండగకి కూరగాయల వంట. అమ్మగారికి నగలు లేవు, పట్టుచీర లేదు, పిల్లలు లేరు. ఏడాదికోసారి నూటయాభై మందికి తన చేత్తో వండి పెట్టడం ఒక్కటే ఆవిడకున్న గర్వం. అది నేను తమాషా కోసం పోగొట్టాను. ఆ ఏడు నెల్లూరు నుంచి పెద్దయ్యగారు, అంటే మా అయ్యగారి పైన ఉండే పాస్టరుగారు, పండగకి వస్తున్నారని కబురు. సంఘపెద్దలు కూర్చున్నారు. మిల్లమ్మ చాలా మర్యాదగా అన్నది, "అమ్మగారికి శ్రమెందుకు, ఈసారి విందు మేమే చేస్తాం. కాయలు నెల్లూరు నించి తెప్పిస్తాం."

"మంచిదేనమ్మా" అన్నారు అమ్మగారు.

ఆ రాత్రి భోజనానికి కూర్చుంటే అందరి ఆకుల్లోనూ కాల్చిన వంకాయ పచ్చడి వేసి, నా ఆకు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఒక చిన్న గిన్నె విడిగా తెచ్చారు. అందులో ఒకే ఒక్క వంకాయ. నీళ్ళలో ఉడకబెట్టి, మీద ఉప్పు చల్లింది.

"నీకోసరమే టీచరమ్మా. తెల్లారి కోసినది. అంత లేత కాయకి కారాలు మసాలాలు ఏందికి? దాని రుచి దానికే ఉండాది" అన్నారు, ఎంతో ప్రేమగా.

నేను తలెత్తలేదు. ఆ వంకాయ తిన్నాను. మర్నాడూ ఒక వంకాయ. ఆ మర్నాడు ఒక బెండకాయ, నిలువునా, ఉడకబెట్టింది. అయ్యగారికి ఏం జరుగుతోందో తెలియదు. "టీచరమ్మకి పథ్యమా?" అని అడిగారు పాపం. "అవునండీ, నాలిక్కి" అన్నారు అమ్మగారు. మూడు వారాలు నేను కుడితిలో పడ్డ ఎలుకలా ఆ ఆకు ముందు కూర్చున్నాను. పక్కన నెత్తళ్ళ పులుసు పొగలు కక్కుతుంటే ఉడికిన బెండకాయ కొరికి చూస్తే తెలుస్తుంది, కోపాల్లో ఎన్ని రకాలున్నాయో. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. నువ్వే చెప్పావా అని అడగలేదు. అడిగితే ఏడ్చేసి కాళ్ళ మీద పడేదాన్ని, ఆ అవకాశం ఇవ్వలేదు.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వరండా. మధ్యాహ్నం జనం రావడం తగ్గిపోయింది. మొదట పురిటాళ్ళు మానేశారు, తర్వాత ముసలివాళ్ళని కోడళ్ళు పంపడం మానేశారు. ఆవిడ మాత్రం అలవాటు కొద్దీ అంతే వండేవారు. వీధికుక్క బలిసింది. ఒకరోజు స్కూలు మధ్యలో ఇంటికొస్తే, నిండు తపేలా పక్కన గరిటె చేత్తో పట్టుకుని, వాకిలి వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడి వెనక్కి తిరిగి స్కూలుకి పోయాను. ఆ రోజు ఎక్కాలు చెప్పించుకుంటూ ఒక పిల్లని అనవసరంగా కొట్టాను కూడా.

పండగ వచ్చింది. తెల్లవారుతోంది, ఇంకా దీపం ఆర్పలేదు. పెరటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే మిల్లమ్మ. జుట్టు ముడి వేసుకోలేదు, కాళ్ళకి చెప్పులు లేవు.

"అమ్మగారూ" అన్నది. మిల్లు వైపు చెయ్యి చూపించింది.

జరిగింది ఇది. రెండు రోజుల ముందే నెల్లూరు నుంచి మేలురకం కాయలు బండెడు వచ్చాయి. మిల్లువాళ్ళకి దేన్నైనా భద్రం చేయడం అంటే ఒకటే పద్ధతి, వడ్లకి చేసినట్టు చేయడం. వంకాయలూ రామ్ములక్కాయలూ తోటకూరా గోతాల్లో దట్టించి కూరి, మూతులు దబ్బనంతో కుట్టి, మంచు తగలకుండా వడ్లు ఉడకబెట్టే గది పక్కన, ఊక పొయ్యి వెచ్చదనంలో పేర్చారు. అక్కడ పెట్టిన వడ్లు ఆరునెలలున్నా చెమ్మగిల్లవు. వడ్లకి మంచిదైంది వంకాయకి కాకుండా పోతుందా అనుకున్నారు.

అమ్మగారు చెంగు బిగించి మిల్లుకి నడిచారు. నేను వెనకాలే. గోతం కుట్లు విప్పితే లోపలినుంచి ఆవిరి వచ్చింది. రామ్ములక్కాయలు పగిలి ఒకదాని రసంలో ఒకటి పడున్నాయి. వంకాయలు ముడతలు పడి నల్లబడ్డాయి. తోటకూర పసుపు తిరిగి కాడలకి అంటుకుపోయింది. నెల్లూరులో తెల్లారి కోసిన కాయలు రెండు రోజుల్లో సంత విరిగిన కాయలైపోయాయి.

"పెద్దయ్యగారు పది గంటలకి వస్తారు. నలుగురిలో నా మొహం ఎట్టా చూపించేది?" అన్నది మిల్లమ్మ. ఏడుస్తోంది. నాకు లోపల లోపల చాలా బాగుంది. ఇప్పుడు అమ్మగారు ఏదో ఒక మాట అంటారు, ఆ మాట ఊరు నిలవ చేసుకుని పదేళ్ళు తింటుంది అనుకున్నాను.

అమ్మగారు ఒక వంకాయ తీసి, కళ్ళు మూసుకుని, తొడిమ దగ్గర వాసన చూశారు.

"యాడినించి వచ్చినాయమ్మా ఇయ్యి?"

"నెల్లూరు నించి అమ్మగారూ."

"శానా దూరం గదా. అలిసినాయి. చావలేదు" అన్నారు. "ఆడోళ్ళనందర్నీ పిలిపించండి. కత్తిపీటలు తెచ్చుకోమనండి."

చర్చి వెనక చాపలు పరిచారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కత్తిపీటలతో వచ్చి, కాయల్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు వారాలుగా ఏ కాయల గురించి ముక్కు మూసుకున్నారో అవే వాళ్ళ ఒళ్ళోకి వచ్చాయి. "చచ్చినయ్యి ఇటు, అలిసినయ్యి అటు. అనుమానముంటే నాకు చూపించండి" అని అమ్మగారు మధ్యలో నిలబడ్డారు. పోయినేడు కడుపునొప్పి కనిపెట్టినావిడే ఒక కాయ ఎత్తి చూపించి, "అమ్మగారూ, ఇది చచ్చిందా, నిద్రపోతావుండాదా?" అని అడిగింది. అప్పుడు నవ్వులు మొదలయ్యాయి. మిల్లమ్మ కూడా కళ్ళు తుడుచుకుని కత్తిపీట ముందేసుకుంది.

వంకాయలు బియ్యం కడిగిన నీళ్ళలో మునిగాయి. రామ్ములక్కాయల రసం చుక్క పోకుండా అండాలోకి వెళ్ళింది. తోటకూర ఆకు దిబ్బకి పోయినా కాడలు మిగిలాయి. గుమ్మడికాయకీ మునక్కాయలకీ అంత దెబ్బ తగల్లేదు. అన్నీ కలిపి చింతపండు, బెల్లం వేసి పెద్ద అండా నిండా ముక్కల పులుసు. కాల్చిన వంకాయ పచ్చడి. కందిపప్పు. లోపల ఆరాధనలో పాట పాడుతుండగా తిరగమాత వాసన కిటికీల్లోంచి దూరింది. చివరి చరణం ఎన్నడూ లేనంత జోరుగా అందుకున్నారు.

పెద్దయ్యగారు భారీ మనిషి. మూడుసార్లు పులుసు పోయించుకున్నారు. ఆకులో మిగిలిన చుక్కని వేలితో తీసుకుని, "ఇంత తాజా కూరగాయలు మాకు నెల్లూరులోనే దొరకవమ్మా. ఎక్కడివి?" అని అడిగారు.

"నెల్లూరు నించే తెప్పించినామండీ" అన్నది మిల్లమ్మ. అబద్ధమేమీ కాదు.

"చాలా శ్రద్ధ తీసుకున్నారు. వంట ఎవరిది?"

"అందరం కలిసి చేసుకున్నామండీ" అన్నది, తల వంచుకుని.

పెద్దయ్యగారు మిల్లమ్మని అందరి ముందూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. అమ్మగారు వడ్డిస్తూ వచ్చి నా పాదం మీద పాదం వేసి గట్టిగా తొక్కారు.

"గమ్మునుండు" అన్నారు గొంతు తగ్గించి. "ఒకసారి నువ్వు మాట్లాడింది చాలదా?"

అప్పుడు ఆవిడ బకెట్లోంచి పెద్ద గరిటెడు ముక్కల పులుసు తీసి నా అన్నం మీద పోశారు. మూడు వారాల తర్వాత మొదటి గరిటె.

"ఈ పొద్దు నీ లేత వంకాయ తెచ్చేది మరిచిపోయినాను. ఇయ్యే తిను" అన్నారు. రెండడుగులు పోయి మళ్ళీ వెనక్కి వచ్చారు. "టీచరమ్మా, ఇంకోసారి ఎవురితోనైనా చెప్పాల్సొస్తే, పారేసినయ్యి అనబాకు. డబ్బులిచ్చి కొన్నయ్యి అను. ఆ గంపలు మోసుకొచ్చినోళ్ళు వింటే బాధపడతారు."

నేను ఏడుస్తూ తిన్నాను. పక్కావిడ కారమెక్కువైందా అని మంచినీళ్ళు ఇచ్చింది. అమ్మగారు తన గురించి ఒక్క మాట అనలేదు, గంపలు మోసినవాళ్ళ గురించే అన్నారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత వారం నుంచి వరండా మళ్ళీ నిండింది. కుక్క చిక్కిపోయింది.

రెండేళ్ళకి అయ్యగారికి నాయుడుపేట వైపు ఒక ఊరికి బదిలీ అయింది. సామాను బండికెక్కించాం. సామానంటే ఏముంది, రెండు పెట్టెలు, ఒక మంచం, ఆ అండా. మిల్లమ్మ పెద్ద కేరియరు నిండా దారికి అన్నం సర్ది తెచ్చింది. అప్పటికీ వాళ్ళింటికి కాయలు నెల్లూరు నుంచే వస్తాయని అందరితో అనేది, మేం వినేవాళ్ళం.

అమ్మగారు బండిలో కూర్చుని, కేరియరు మూత రవ్వంత తీసి, వేలితో వంకాయ పచ్చడి నాలుకకి రాసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తర్వాత మూత పెట్టేసి, ఊరికే మాటవరసకి అడిగినట్టు అడిగారు.

"ఏ ఊరోళ్ళమ్మా వంకాయలు అమ్మినోళ్ళు?"

"ఏటవతలోళ్ళమ్మగారూ" అన్నది మిల్లమ్మ. "అయిదు మైళ్ళంట. బండి కూడా లేదంట, మోకాళ్ళ దాకా నీళ్ళంట, పాపం ఆ గంపతో..."

అని ఆగిపోయింది. చెవుల దాకా ఎర్రబడింది.

అమ్మగారు నా వైపు ఒక్కసారి చూసి, కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు. బండి కదిలింది. చెరువుకట్ట మలుపు తిరిగేదాకా, దారం కట్టిన ఆ కళ్ళజోడు కింద కొంగు అలాగే ఉంది, భుజాలు ఊగుతూనే ఉన్నాయి.